సూది తనిఖీ జరిగింది

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏంటంటే, మేం కుట్టిన బొంతలో సూది ఉండిపోయి, అది ఎవరి పసిబిడ్డకో గుచ్చుకోవడం.

మిగతా భయాలూ ఉన్నాయి. ఉరుమంటే భయం, బల్లంటే భయం, మా పాప కల్యాణి తుమ్మితే భయం, పొద్దుటినుంచి ఒక్కసారీ తుమ్మకపోతే అదో భయం. కల్యాణికి ఎనిమిదో నెల. అది నిద్రపోతుంటే ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వేలు తగిలి లేచి గుక్కపెడుతుంది. "బిడ్డ బతికుందో లేదో చూట్టానికి బిడ్డని నిద్రపోనివ్వని తల్లివి నువ్వొక్కదానివే అనూషా," అంటుంది మా అత్తయ్య. అయినా ఇవన్నీ చిన్న భయాలు. సూది భయం వేరు. అది మా ఇంటికి ఒక లేబుల్ వెనకాల వచ్చింది.

మాది ముసునూరుకి ఇవతల, మామిడితోటల మధ్య ఊరు. మా ఆయన అనిల్ కాయల సీజన్లో ట్రాలీ ఆటో తోలతాడు. సీజన్ కానప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళది తోలతాడు. మా అత్తయ్య కృష్ణవేణి తోటకోతలకి వెళ్ళేది. మోకాళ్ళు పట్టేశాక ఇంట్లో కూచుని పసిపిల్లల బొంతలు కుట్టడం మొదలుపెట్టింది. పాత నూలుచీరలు ఉడకేసి, ఎండేసి, పొరల మీద పొరలు పరిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేస్తుంది. పురిటిబిడ్డకి కొత్తగుడ్డ తగలనివ్వరు కదా. ఎవరో పెద్దావిడ కట్టి కట్టి మెత్తబడ్డ చీరే కావాలి. ఇప్పుడు పెద్దావిడలు కూడా జారిపోయే చీరలే కడుతున్నారు. అందుకని పాత నూలుచీరకి ఎక్కడలేని గిరాకీ, మా అత్తయ్యకీ అంతే.

విజయవాడలో పసిపిల్లల సామాను కొట్టున్న దివ్యగారు ఒకసారి కాయలు కొనుక్కోవడానికి ఇటు వచ్చి, మా గుమ్మంలో ఆరేసిన బొంత చూసి కారు ఆపించారు. నెలనెలా తీసుకుంటానన్నారు. కాకపోతే రెండు కావాలన్నారు. ఒకటి లేబుల్, రెండోది సర్టిఫికెట్.

"బొంతకి సర్టిఫికెట్ ఏంటమ్మా? అదేమన్నా పదో తరగతి రాసిందా?" అంది మా అత్తయ్య.

"చేత్తో కుట్టిందనీ, నూలుదేననీ, పసిబిడ్డకి ప్రమాదం లేదనీ ఎవరో ఒకళ్ళు చూసి చెప్పాలండీ. అప్పుడే సిటీలో వాళ్ళు నమ్ముతారు."

"నేను చెప్తున్నాగా."

"మిమ్మల్ని వాళ్ళెరగరు కదండీ."

ఆ మాట మా అత్తయ్యకి గుచ్చుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ బొంత మీద పెరగని పిల్లాడు లేడు. అయినా ఒప్పుకుంది.

లేబుల్లో ఏం రాయాలో దివ్యగారు ఫోన్లో పంపారు. నేను ఇంటర్ ఫస్టియర్ మధ్యలో ఆగిపోయినదాన్నే అయినా మా ఇంట్లో ఇంగ్లీషుకి నేనే కలెక్టర్ని. కూచోబెట్టి చదివాను. గుడ్డ దేనితో నేశారు, ఎంత పొడుగు, ఎలా ఉతకాలి, ఎప్పుడు తయారైంది, ధర, తయారు చేసినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు.

"ఎలా ఉతకాలో నేను చెప్తా, రాసుకో," అంది అత్తయ్య. "కుంకుడు రసంలో నానబెట్టాలి. బండ మీద బాదకూడదు. మిషన్లో వేస్తే నా ఉసురు తగులుద్ది."

"ఉసురు అని రాయకూడదేమో అత్తయ్యా."

"మరి భయం ఎట్టా ఉంటది వాళ్ళకి?"

చివరికి 'చేత్తో ఉతకండి' అని రాశాం. పేరూ నంబరూ నావి వేశాం. అత్తయ్యకి ఫోన్ ఎత్తితే 'ఎవరు' అనడం తప్ప రాదు. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో ఒక ముక్క ఉంది. 'సూది తనిఖీ జరిగింది.' అచ్చయి వచ్చిన లేబుళ్ళ కట్ట చూసి మా ఆయన పొంగిపోయాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. నా పేరు, దాని కిందనే సూది. ఎక్కడో ఒక బిడ్డ ఏడిస్తే, వాళ్ళమ్మ ఆ లేబుల్ తిప్పి నాకే ఫోన్ చేస్తుంది.

తనిఖీ ఎలా చెయ్యాలో నేర్పడానికి సంతోష్ కుమార్‌గారు వచ్చారు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మనిషి. మనిషి మంచివాడే, ఎండకి కమిలిపోయాడు పాపం. మామిడిపండ్ల రసం ఇస్తే ముందు గ్లాసుని వెలుగుకి పెట్టి చూసుకుని తాగాడు. ఆ చూడ్డం చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మా అత్తయ్యకి తగ్గింది.

ఇనుము దగ్గరికొస్తే కుయ్యిమనే కర్రొకటి చూపించి, ఆయన పద్ధతి చెప్పాడు. సూదులన్నీ ఒక డబ్బాలో ఉండాలి. కింద పడితే కనబడేలా ప్రతి సూది బెజ్జం దగ్గరా ఎర్ర రంగు పుయ్యాలి. పొద్దున ఒకళ్ళు లెక్కపెట్టి చేతికివ్వాలి. సాయంత్రం పని అయ్యాక చేత్తో తిరిగి తీసుకోవాలి. ఒకటి తగ్గినా ఆ రోజు బొంత ఒక్కటీ గడప దాటకూడదు.

"చేతికి చెయ్యి ఇవ్వకూడదు బాబూ," అంది అత్తయ్య. "సూది చేతికిస్తే తగాదాలొస్తాయి. కింద పెట్టాలి. వాళ్ళు తీసుకోవాలి."

"కింద పెడితే పోతుంది కదమ్మగారూ. అందుకే చేతికి."

"చేతికిస్తే తగాదా."

"పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా చేతికే ఇస్తారండి."

"అందుకే అక్కడ స్ట్రైకులు."

మా పక్కింటి షాలోమి మాతో కలిసి కుడుతుంది. ఆవిడకి ఈ పట్టింపులేవీ లేవు, నవ్వు మాత్రం బోలెడుంది. "అయినా మీరిద్దరూ ఇప్పుడు పడేదేంటక్కా? ఇంకా సూదే ఇచ్చుకోలేదు," అంది.

అసలు గొడవ సాయంత్రం దగ్గర వచ్చింది. దీపాలు పెట్టాక మా అత్తయ్య సూది ఎవరికీ ఇవ్వదు, ఎవరిదగ్గరా పుచ్చుకోదు. ఆ పేరు కూడా ఎత్తదు, 'అది' అంటుంది. ఇస్తే ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుందట. సంతోష్ కుమార్‌గారు మా ఇంటి రేకులకేసీ, విరిగిన కుర్చీకేసీ ఓసారి చూశాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. అందుకే అన్నాను మంచివాడని.

"సరే, నేనొక నెల చూస్తాను. చివర్లో చెప్పకుండా వస్తాను. అప్పుడు సర్టిఫికెట్," అని వెళ్ళాడు.

సూదులకి రంగు నేనే పూశాను. నా పెళ్ళినాటి గోళ్ళరంగు సీసా గడ్డకట్టిపోతే, అందులో కాస్త రిమూవర్ వేసి కరిగించి పూశాను. పొద్దున ఇచ్చేది నేను, సాయంత్రం తీసుకునేది షాలోమి. సర్టిఫికెట్ తరవాత పంపుతామన్న మాట మీద మొదటి విడత బొంతలు ఏ గొడవా లేకుండా దివ్యగారి కొట్టుకి వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం మేమే నూజివీడు బస్టాండు దగ్గర అమ్మాం. దాని సంగతి తరవాత చెప్తాను. అప్పటికి అది నాకు సంతోషమే.

ఆ తరవాత ముసునూరు నుంచి కబురొచ్చింది. తోటల ఆసామి దశరథరామయ్యగారి అమ్మాయి మనోజ్ఞ పుట్టింట్లో పురుడుపోసుకుంది. మగపిల్లాడు. పదకొండో రోజు పురుటిస్నానం వేళకి బొంత కావాలని ఆయన భార్య పుష్పవతిగారు చెప్పి పంపారు. మా అత్తయ్య పాతికేళ్ళు వాళ్ళ తోటలో కోతకెళ్ళింది. అందుకని మెత్తటి చీరలన్నీ ఏరి దానికే వాడింది. ముందురోజు సాయంకాలానికి అంతా అయింది, ఒక్క లేబుల్ కుట్టడం మిగిలింది. అది కూడా అత్తయ్యే కుట్టింది. చివరి కుట్టు పడేసరికి నేను దేవుడి దగ్గర దీపం వెలిగించాను.

"అక్కా, సూది ఇటియ్యి. నాకు ప్రార్థనకి టైమవుతుంది," అంది షాలోమి.

"దీపం పెట్టారు, నోరు ముయ్యి. ఇక్కడే గుచ్చుతున్నా, నువ్వే తీసుకో," అంది అత్తయ్య.

సరిగ్గా అప్పుడే కల్యాణి మంచం మీద బోర్లా తిరిగి అంచుకొచ్చింది. నేను కేక వేశాను. ముగ్గురం దాని మీద పడ్డాం. అది కిందపడలేదు, మా కేకకి జడుసుకుంది అంతే. దాన్ని ఊరుకోబెట్టేలోపు షాలోమి ప్రార్థనకి వెళ్ళిపోయింది, అత్తయ్య వంటకి లేచింది. తెల్లారకముందే మా ఆయన బొంతని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కాయల లోడుతోపాటు ముసునూరు తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చాడు.

పొద్దున సూదులు ఇద్దామని డబ్బా తీశాను. ఒకటి తక్కువ.

మళ్ళీ లెక్కపెట్టాను. కల్యాణిని అత్తయ్యకిచ్చి మళ్ళీ లెక్కపెట్టాను. షాలోమిని పిలిచాను.

"నువ్వు తీసుకోలేదా?"

"అక్క తీసిందనుకున్నా."

"నేను తియ్యడమేంటే? నీకు చెప్పాగా, అక్కడ గుచ్చానని!"

"ఎక్కడ?"

రాత్రి బొంత ఉన్న చోటికేసి చూసింది అత్తయ్య. ఎక్కడ గుచ్చిందో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

పదకొండు రోజుల బిడ్డ. 'సూది తనిఖీ జరిగింది' అన్న లేబుల్. దాని మీద నా పేరు. పుష్పవతిగారికి ఫోన్ చేశాను. ఇంటినిండా చుట్టాలేమో, ఎత్తలేదు. మా ఆయన ట్రాలీ తిప్పాడు. అత్తయ్య ముందు కూచుంది. నేనూ షాలోమీ కల్యాణితో వెనకాల ఖాళీ ట్రేల మధ్య నిలబడ్డాం.

"అక్కడికెళ్ళి సూది అనకండి," అంది అత్తయ్య. "శుభమా అని స్నానం జరుగుతుంటే ఆ మాటేంటి? నేను మెల్లిగా బొంత మార్చేస్తాలే."

"బిడ్డకి గుచ్చుకుంటుంటే శుభమేంటి అత్తయ్యా!"

"ఏవండీ, గట్టిగా తోలండి," అని నేను. "గుంటల్లో మెల్లిగా తోలు నాయనా, కల్యాణి ఉంది," అని అత్తయ్య. పాపం మా ఆయన రెండూ చేశాడు.

దారిలో ఉండగా నా ఫోన్ మోగింది. సంతోష్ కుమార్‌గారు. "మేడం, నేను మీ ఇంటి దగ్గరున్నాను. చెప్పకుండా వస్తానన్నాను కదా. ఎవరూ లేరేంటి? సూదుల డబ్బా అరుగుమీద ఉంది."

నేను అబద్ధం ఆడదామని నోరు తెరిచాను. నోట్లోంచి ఏడుపొచ్చింది. షాలోమి ఫోన్ లాక్కుని, "సార్, మీ దగ్గర ఆ ఇనుమును పట్టే కర్రుందా? ఉంటే తీసుకుని ముసునూరొచ్చెయ్యండి. దశరథరామయ్యగారిల్లు ఎక్కడంటే ఎవరైనా చెప్తారు," అని పెట్టేసింది.

మేం వెళ్ళేసరికి ఇంటిముందు షామియానా, లోపల ఆడవాళ్ళ సందడి. మనోజ్ఞ గదిలో మంచం మీద బిడ్డని పక్కలో వేసుకుని పడుకుంది. అత్తయ్య నవ్వుతూ లోపలికి వెళ్ళింది. "ఏదీ మా బంగారుకొండ," అంటూ బిడ్డ కింద చెయ్యిపెట్టి బొంత లాగబోయింది. బిడ్డ సగం లేచాడు.

"ఏయ్ కృష్ణవేణీ, ఏంటా లాగడం!" అన్నారు పుష్పవతిగారు.

సరిగ్గా అప్పుడే సంతోష్ కుమార్‌గారు మోటార్‌సైకిల్ దిగి, చేతిలో నల్ల కర్రతో వాకిట్లోకి వచ్చాడు. అది సినిమాహాళ్ళ దగ్గర జనం మీద తిప్పే కర్రలాంటిది. వరండాలో దశరథరామయ్యగారు లేచి నిలబడ్డారు. "మంత్రిగారొస్తున్నారా? మాకు చెప్పలేదే!" అన్నారు. ఆయన చేతులు పైకెత్తారు కూడా, తనిఖీకి వీలుగా.

"కాదండీ, బొంత చూడాలి," అన్నాడు సంతోష్ కుమార్‌గారు.

ఇక దాచడానికేం లేదు. గుమ్మంలో నిలబడి నేనే చెప్పాను. "అమ్మగారూ, ఆ బొంతలో సూదుందేమో. బాబుని ఎత్తండి, ముందు ఎత్తండి!"

గది గదంతా లేచింది. మనోజ్ఞ బాబుని గుండెకి హత్తుకుంది. సంతోష్ కుమార్‌గారు గుమ్మంలోంచే మంచం మీద కర్ర తిప్పాడు. అది గట్టిగా కుయ్యిమంది. దిండెత్తి చూస్తే కింద కత్తి. గాలీ ధూళీ సోకకుండా పసిబిడ్డ తలదగ్గర ఇనుము పెడతారు కదా, అది. కత్తి తీశారు. మళ్ళీ కుయ్యిమంది. ఈసారి పక్కన నిలబడ్డ ముసలావిడ. మంగళసూత్రానికి పిన్నీసుల గుత్తి. ఆవిడని జరిపితే ఇంకొకావిడ, ఆవిడకీ గుత్తి. మా అత్తయ్య దగ్గర కర్ర ఆగకుండా మోగింది.

"అందరూ పిన్నీసులు తీసి బయటికెళ్ళండమ్మా," అని బతిమాలుకున్నాడాయన.

"పరాయి మగాడు చెప్తే పుస్తెలకున్నవి తీస్తామా?" అంది ముసలావిడ. ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు.

పుష్పవతిగారు అప్పుడు నోరు విప్పారు. "అసలు మీరు వెతికేది ఏ బొంత? ఇది నా పెద్దకొడుకు నాటిది. నువ్వు పంపింది నేను వెయ్యలేదు."

"వెయ్యలేదా?" అన్నాను. ప్రాణం లేచొచ్చింది.

"ఎలా వేస్తానే? పురిటిబిడ్డకి కొత్తగుడ్డా?"

"కొత్తదేంటమ్మా? అన్నీ పాతచీరలే కదా!" అంది అత్తయ్య, దెబ్బతిన్నట్టు.

"మరి లేబులుందే! ధర ఉంది. తయారైన నెల కూడా వేశారు. ఈ నెల తయారైంది పాతదెలా అవుతుందే? పైగా ప్లాస్టిక్ కవరు. చూడగానే కొత్తదని పక్కనపెట్టాను."

మా అత్తయ్య సంతోష్ కుమార్‌గారి వైపు తిరిగింది. ఆయన కర్ర కిందికి దించుకుని, "తయారైన నెల వెయ్యడం రూలండీ," అన్నాడు చిన్నగా.

"మరి ఇప్పుడా బొంత ఎక్కడుంది అమ్మగారూ?" అన్నాను.

"పొద్దున బుచ్చయ్య పాలు తెస్తే ఇచ్చేశాను. వాడి మనవరాలికి ఆరో నెల. దానికి కొత్తదైనా పర్లేదు."

వచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది.

బుచ్చయ్య వాళ్ళ తోట కాపలా మనిషి. తోటలోనే షెడ్డులో కాపురం. ట్రాలీ తోటలోకి పోదు, గట్టు దగ్గర ఆపి పరిగెత్తాం. కోత మంచి జోరుమీదుంది. చిక్కాలతో కాయలు దింపేవాళ్ళు చేతులాపి మమ్మల్నే చూశారు. ముందు నేను, వెనక కల్యాణిని ఎత్తుకుని షాలోమి, ఆ వెనక కర్రతో సంతోష్ కుమార్‌గారు, అందరికన్నా వెనక మోకాళ్ళు పట్టుకుని మా అత్తయ్య. "ఎవరో దొంగ దొరికాడ్రోయ్," అన్నాడొకడు, సంతోష్ కుమార్‌గారిని చూసి.

షెడ్డులో బుచ్చయ్య కోడలు కాయలు ట్రేల్లో సర్దుతుంది. పక్కనే ఒక ఖాళీ ట్రేలో ఎండుగడ్డి పరిచి, దాని మీద మా బొంత వేసి, పాపని పడుకోబెట్టింది. లేబుల్ అందరికీ కనబడేలా పైకి తిప్పి పెట్టింది. పాప నిద్రలో ఉంది. నేను ఒక్క మాట చెప్పకుండా పాపని లేపి ఎత్తేసుకున్నాను. అది కెవ్వుమంది. కోడలు కూడా కెవ్వుమంది. షాలోమి చంకలో కల్యాణి అందుకుంది.

"ఏయ్ ఎవరు నువ్వు? నా పిల్లనియ్యి!"

"ఇస్తానమ్మా, ఇస్తాను. ఒక్క నిమిషం."

సంతోష్ కుమార్‌గారు బొంతని గడ్డిమీంచి తీసి, పిన్నీసులున్న మనుషులకి దూరంగా ఒక మామిడిచెట్టు మొదట్లో పరిచాడు. కర్ర తిప్పాడు. అటు మూల ఏం లేదు. ఇటు మూల ఏం లేదు. లేబుల్ దగ్గరికొచ్చేసరికి కుయ్యిమంది. వేలితో లేబుల్ ఎత్తాడు. 'సూది తనిఖీ జరిగింది' అన్న ముక్క వెనకాల, అడ్డంగా పడుకుని ఉంది మా సూది, బెజ్జం దగ్గర ఎర్రగా.

బుచ్చయ్య కోడలు దగ్గరికొచ్చి చూసింది.

"ఇదా! పొద్దుటినుంచి పిల్ల ఆ మూలకి కాళ్ళు పెడితే ఏడుస్తుంది. ఎర్రచీమలనుకుని గడ్డి రెండుసార్లు దులిపాను."

నేను పాప కాళ్ళు తిప్పి చూశాను. కుడిమడమ మీద ఆవగింజంత ఎర్రచుక్క. ఆ చుక్క నాకింకా కనబడుతూనే ఉంటుంది. ఆస్పత్రికి మేమే తీసుకెళ్ళాం. నర్సమ్మ చూసి, తుడిచి, "గీరుకుంది అంతే, టీకాలన్నీ వేయించారుగా, భయం లేదు," అంది. పాప అప్పటికే సూది సంగతి మర్చిపోయి నర్సమ్మ కళ్ళజోడు లాగుతుంది. మా అత్తయ్య ఇంటికొచ్చాక సంతోష్ కుమార్‌గారితో, "బాబూ, లక్ష్మి పోతే పోయింది. ఇకనుంచి అది నీ చేతికే ఇస్తా," అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మగారూ. దీపాలు పెట్టేది ఎన్నింటికి?"

"పొద్దు వాలాక."

"అయితే బడిబస్సు వచ్చేవేళకే పని ఆపండి. చేతికివ్వొద్దు. ఒక పీచుదిండు పెట్టండి, అందరూ అందులో గుచ్చండి. ఈవిడ లెక్కపెట్టుకుంటుంది. నాకు కావాల్సింది సూది లెక్క. చెయ్యి కాదు."

"ఈ మాట మొదట్లోనే అంటే పోయేదిగా," అంది షాలోమి.

"మొదట్లో ఎవరూ నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదండీ."

అందరం నవ్వాం. మా అత్తయ్య ఆయనకి మళ్ళీ రసం ఇచ్చింది. ఈసారి వెలుగుకి పెట్టి చూడకుండా తాగాడు. సర్టిఫికెట్ వచ్చినట్టే అనుకున్నాను. దొరికిన సూది డబ్బాలో వేశాను. లెక్క సరిపోయింది. ఆయన కూడా చూస్తానని డబ్బా అరచేతిలోకి వంచుకున్నాడు. ఒక్కో సూదీ వేలితో జరిపాడు. ఒకదాని దగ్గర ఆగాడు.

"దీనికి రంగు లేదేంటి?"

నేను అన్నిటికీ పూశాను. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

షాలోమి నవ్వు ఆగిపోయింది. నేనెప్పుడూ ఆవిడ మొహం నవ్వు లేకుండా చూడలేదు. "మొదటి విడతప్పుడు ఒకటి కనబడలేదు," అంది. "వాకిట్లో పడుంటుందిలే అనుకున్నా. లెక్క తగ్గితే నువ్వు రాత్రంతా ఏడుస్తావని... నాదొకటి వేసేశా. అదీ సూదే కదా అని."

నా గురించే చేసింది. నేను తిట్టలేకపోయాను. వాకిలంతా ఊడ్చాం, కర్ర తిప్పాం, రెండు మేకులూ ఒక గొళ్ళెం ముక్కా దొరికాయి. దివ్యగారికి ఫోన్ చేశాం. ఆవిడ అమ్మినవాళ్ళందరికీ చెప్పి, ఒక్కోటీ వెనక్కి తెప్పించి చూశారు. దేంట్లోనూ లేదు. సంతోష్ కుమార్‌గారు సర్టిఫికెట్ ఆపాడు. "ఆ ఒక్కటీ తేలాక ఇస్తానండీ. నాకూ ఒక పాప ఉంది," అన్నాడు. మా అత్తయ్య కూడా, "బాబు చెప్పింది సబబే," అంది.

మిగిలింది నూజివీడు బస్టాండు దగ్గర మేం అమ్మిన ఆ ఒక్కటే.

ఆ రోజు నాకు బాగా గుర్తు. మా ఆయన ట్రాలీ మీద రసాల పళ్ళు అమ్ముతుంటే, నేను పక్కన బొంత మడిచి పెట్టుకుని కూచున్నాను. మైలవరం బస్సు కోసం చూస్తున్న ఒకమ్మాయి వచ్చింది. నా ఈడుదే. చేతిలో నెలల పాప, ఎండలో కూడా ఆకుపచ్చ ఉన్ని టోపీ పెట్టింది. నేనైనా అంతే పెడతాను, అందుకే వెంటనే నచ్చింది. పాపకి ఎడమచెవి కింద పుట్టుమచ్చ ఉంది. బొంత చెంపకి ఆనించి చూసుకుని, "ఈ లేబుల్ పాపకి గీసుకుంటుందేమో అక్కా," అంది. నాకూ అదే భయం. "ఉండమ్మా, కత్తిరించేస్తా," అని పంటితో దారం తెంపి నేనే లేబుల్ పీకి ఇచ్చాను. నా పేరు, నా నంబరు, అన్నీ నా చేతిలోనే ఉండిపోయాయి. ఆ అమ్మాయి బస్సెక్కి కిటికీలోంచి పాప చెయ్యి ఊపించింది.

మా ఆయనా నేనూ మైలవరం రెండుసార్లు వెళ్ళాం. అంగన్‌వాడీల్లో అడిగాం, బస్టాండులో అడిగాం. ఆకుపచ్చ టోపీ అంటే, "ఈ ఎండలోనా?" అని నవ్వారు. పేరు అడగలేదు నేను. దిగేది మైలవరమేనా, దారిలో ఊరా, అదీ అడగలేదు.

సూది ఆ బొంతలో ఉండకపోవచ్చు. వాకిట్లో మట్టిలో కూరుకుపోయి ఉండొచ్చు. మా అత్తయ్య అదే అంటుంది, షాలోమి అదే దేవుణ్ణి అడుగుతుంది. కానీ కల్యాణి ముక్కు దగ్గర వేలు పెట్టినప్పుడల్లా నాకు ఆ పాప గుర్తొస్తుంది.

అందుకని ఇది చదివేవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. మైలవరం వైపు మీవాళ్ళెవరైనా ఉంటే, ఎడమచెవి కింద పుట్టుమచ్చ ఉన్న నెలల పాప ఏ ఇంట్లోనైనా కనబడితే, ఆ పాప చేతికుట్టు బొంత మీద పడుకుంటుంటే, ముందు పాపని ఎత్తుకోండి. వాళ్ళమ్మ కోప్పడితే పడనివ్వండి, నన్నూ కోప్పడ్డారు. తరవాత బొంతని అరచేత్తో మెల్లిగా, మూలమూలా నిమిరి చూడండి. మడమలు చూడండి. సూది దొరికితే నాకు తిరిగివ్వక్కర్లేదు. పాప ఎలా ఉందో మాత్రం ఒక్కసారి వెళ్ళి చూడండి. వీలైతే దీపాలు పెట్టకముందే.